దేవుడూ వ్యక్తే, కంపెనీ కూడా వ్యక్తే: మరి మనిషి?

ప్రశ్న: గుడిలోని దేవుడిని, కంపెనీని కూడా చట్టం వ్యక్తులుగానే చూస్తుందని చదువుకున్నాం. అలాంటప్పుడు మనిషి హక్కులు కూడా చట్టం ఇచ్చినవేనా, లేక చట్టం కన్నా ముందే ఉన్నవా? తత్త్వవేత్తలు ఏమంటారు?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, వరంగల్

జవాబు: తత్త్వవేత్తలు దీనిపై ఏకాభిప్రాయానికి రాలేదు. న్యాయతాత్త్వికుడు హాన్స్ కెల్సెన్ దృష్టిలో చట్టపరమైన వ్యక్తి అంటే ఒక పేరు కింద చేరిన హక్కులు, బాధ్యతల సముదాయమే; ఆ మేరకు మనిషికీ కంపెనీకీ తేడా లేదు. మీరు చెప్పిన దేవుడి విషయానికి ఈ వివరణ చక్కగా అమరుతుంది. కలకత్తాలోని ఒక కుటుంబ దేవతామూర్తి గురించిన వివాదంలో 1925లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో మన కేసులకు లండన్‌లోని తుది అప్పీలు న్యాయస్థానం), ఆ దేవుడి అభీష్టాన్ని కూడా గౌరవించాలనీ, ఆయన తరఫున వాదించడానికి వివాదంతో సంబంధం లేని ప్రతినిధిని నియమించాలనీ చెప్పింది.

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1797లో మరో దారి చూపాడు: తన చేతలకు తాను బాధ్యత వహించగలిగినవాడే వ్యక్తి, అలా వహించలేనిది వస్తువు. మనిషిని వస్తువుగా వాడుకోరాదనడానికి ఇంతకన్నా గట్టి పునాది దొరకడం కష్టం. కానీ దీన్ని అక్షరాలా పట్టుకుంటే పసిబిడ్డకు, మతి చెదిరిన వృద్ధుడికి చోటు ఎక్కడ? ఈ విషయంలో మన చట్టమే ఉదారంగా ఉంది. మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదంటూనే, తండ్రి వీలునామా రాయకుండా మరణించే నాటికి తల్లి గర్భంలో ఉన్న బిడ్డ ఆ తర్వాత ప్రాణంతో పుడితే, అప్పటికే పుట్టి ఉన్నట్టుగా భావించి వాటా ఇవ్వాలని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. హక్కు ఉండటం వేరు, దాన్ని స్వయంగా వినియోగించుకునే సామర్థ్యం వేరు.

నా అభిప్రాయం అడిగితే, కెల్సెన్ వివరణ దేవుడికీ కంపెనీకీ సరిపోతుంది గానీ, మనిషి విషయంలో అక్కడితో ఆగిపోవడం ప్రమాదకరం. ఎమర్జెన్సీలో నిర్బంధితుల హెబియస్ కార్పస్ (అక్రమ నిర్బంధాన్ని కోర్టులో సవాలు చేసే పిటిషన్) కేసు విచారణలో, ఒక పోలీసు అధికారి వ్యక్తిగత కక్షతో మనిషిని చంపినా కోర్టులో న్యాయం కోరే దారి లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని అటార్నీ జనరల్ బదులిచ్చారు. 1976 ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పారు. ఖన్నా ఒక్కరే, ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం లేకపోయినా చట్టం అనుమతించకుండా ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించే అధికారం రాజ్యానికి లేదని విభేదించారు. 2017లో గోప్యత హక్కుకు సంబంధించిన పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ మెజారిటీ తీర్పును తోసిపుచ్చింది. ప్రాణం, స్వేచ్ఛ రాజ్యాంగం సృష్టించినవి కావని, మనిషిలో సహజంగా ఉన్న వాటిని రాజ్యాంగం గుర్తించిందని ప్రధాన తీర్పు పేర్కొంది. ఈ రెండు తీర్పులనూ వరుసగా చదవండి, ముందుగా ఖన్నా రాసిన భాగంతో మొదలుపెట్టండి.