ఎఫ్‌డీలో ఉన్న 4 లక్షలూ క్యాంపర్ వ్యాన్‌కి పెట్టేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 46. ప్రైవేటు ఉద్యోగం, నెలకి 95 వేలు చేతికొస్తుంది. ఇంటి ఖర్చు 42 వేలు, ఇంటి లోను ఈఎంఐ 21 వేలు, చీటీ 10 వేలు. మిగిలింది పిల్లల ఫీజులకి సరిపోతుంది. అమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. అమ్మకి 71 ఏళ్లు, షుగర్ ఉంది. నాకు బీపీ. ఆఫీసు వాళ్లిచ్చిన 3 లక్షల హెల్త్ కవర్ తప్ప వేరే పాలసీ లేదు. సెలవుల్లో కుటుంబంతో బండిలోనే తిరుగుతూ, నచ్చినచోట టెంటు వేసుకోవాలని ఏళ్లుగా కోరిక. సెకండ్ హ్యాండ్ టెంపో ట్రావెలర్ 9 లక్షలకి వస్తోంది. లోపల మంచాలు, వంటగట్టు, టాయిలెట్ పెట్టించడానికి ఇంకో 7 లక్షలు. ఎఫ్‌డీ 4 లక్షలు, మా ఆవిడ నగల మీద 4 లక్షలు, పర్సనల్ లోను 8 లక్షలు అనుకుంటున్నాను. మేం వాడనప్పుడు అద్దెకిస్తే ఈఎంఐ దానంతటదే వెళ్లిపోతుంది కదా? నగల సంగతి ఆవిడతో ఇంకా అనలేదు.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కొనకండి. మీ ఉత్తరాన్ని ఇక్కడ వేసింది క్యాంపర్ వ్యాన్ల గురించి చెప్పడానికి కాదు. కారు కొనేవాళ్లు, ఇంటి మీద అంతస్తు వేసేవాళ్లు, పెళ్లి చేసేవాళ్లు అందరూ చేసే పొరపాటే ఇందులోనూ ఉంది. బ్యాంకులో కదలకుండా కనిపించే డబ్బుని ఖాళీగా పడి ఉందనుకుంటారు. మీ 4 లక్షలు ఖాళీగా లేవండీ. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకి 63 వేలు, ఆరు నెలలకి 3,78,000. జీతం ఆగినా ఆరు నెలలు ఇల్లు గడిచేంత డబ్బు. అంటే ఆ ఎఫ్‌డీయే మీ అత్యవసర నిధి. మీకు తెలియకుండానే సరిగ్గా సరిపోయేంత పోగుచేశారు, ఇప్పుడు దాన్నే తీసేస్తానంటున్నారు.

కొన్న మర్నాటి లెక్క చూడండి. 8 లక్షల పర్సనల్ లోను 14 శాతానికి ఐదేళ్లంటే నెలకి దాదాపు 18,600. నగల లోను మీద 10 శాతం వేసుకున్నా వడ్డీయే నెలకి 3,300. ఇప్పటి ఖర్చులూ చీటీ కలిపితే 94,900 అవుతుంది. జీతం 95 వేలు. మిగిలేది వంద రూపాయలు. జూన్‌లో కట్టాల్సిన ఫీజులు ఎక్కణ్ణుంచి తెస్తారు? డీజిల్, బండి ఇన్సూరెన్స్, టైర్లు ఈ లెక్కలో వెయ్యనేలేదు. ఇంకా ముఖ్యమైన సంగతి, చీటీ ఆపేసినా మీ నెల ఖర్చు 84,900 అయింది కాబట్టి ఆరు నెలల నిధి 5 లక్షలు దాటాలి. అవసరం పెరిగే రోజునే చేతిలో ఉన్నది సున్నా అవుతోంది.

రోడ్డు మీద బతికే ప్రయాణానికి ఈ నిధి మామూలు కుటుంబానికి కన్నా ఎక్కువే ఉండాలి. నా దగ్గర సలహా తీసుకునే ఒకాయన డిసెంబరులో ఇలాంటి వ్యాన్‌లోనే లంబసింగి బయల్దేరారు. ఘాట్ ఎక్కుతుండగా క్లచ్ ప్లేటు కాలిపోయింది. వెనకాల లోడు మీద లోడు: నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, గ్యాస్ సిలిండరు. వేరే లారీ కట్టి కిందికి నర్సీపట్నం దాకా లాగించారు. పార్టు వచ్చేదాకా పిల్లల్తో లాడ్జిలో ఉన్నారు. డబ్బంతా బండి కొనడానికే ఊడ్చిపెట్టారేమో, క్రెడిట్ కార్డు గీకారు. నెలకి 3.5 శాతం వడ్డీతో అది తీరడానికి మరుసటి దీపావళి వచ్చింది. బాగయ్యాక మళ్లీ వెళ్లనే లేదు, వ్యాన్ ఇప్పుడు ఇంటి పక్క ఖాళీ స్థలంలో టార్పాలిన్ కింద ఉంది.

నగల విషయం. ఆవిడకి చెప్పకుండా ఆవిడ నగలు కుదువపెట్టి ఆవిడనే విహారానికి తీసుకెళ్తారా? దీన్ని నేను ఆర్థిక ప్రణాళిక అనలేను. గోల్డ్ లోన్లు చాలామటుకు ఏడాది గడువువి. వంద రూపాయలు మిగిలే ఇంట్లో ఏడాది తిరిగేసరికి 4 లక్షల అసలు ఎలా కడతారు? మళ్లీ తిరగరాయిస్తారు, వడ్డీ పెరుగుతుంది, ఒక ఏడు కుదరకపోతే వేలం నోటీసు వస్తుంది. అమ్మాయి ఇంజనీరింగ్ సీటు సమయానికి ఆ బంగారమే మీకు ఆఖరి ఆసరా. దాన్ని ముట్టుకోకండి.

అద్దె ఆలోచన అసలు లెక్కలోకే రాదు. సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన తెల్ల ప్లేటు బండిని పర్మిట్ లేకుండా అద్దెకి తిప్పితే కేసు. ఆ సమయంలో ప్రమాదం జరిగితే క్లెయిమ్‌కి దిక్కుండదు. ఇక లోపలి మార్పులు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని మార్చాలంటే ఆర్టీఏ అనుమతి ఉండాలి, ఆర్సీలో మోటార్ కారవాన్‌గా నమోదు కావాలి. వర్క్‌షాపు వాళ్లు ‘అదంతా మేం చూసుకుంటాం’ అంటారు. కాగితం చూపించమనండి. పాలసీలో చూపించని ఫిట్టింగులకి, అంటే మీరు పెట్టబోయే 7 లక్షలకి, బండి తగలబడినా పైసా రాదు. బండికే క్లెయిమ్ ఇవ్వమని కూడా అనొచ్చు.

తిరగొద్దని అనట్లేదు. పిల్లలు ఇంకో నాలుగేళ్లలో ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు, ఈ వయసులోనే కలిసి తిరగాలి. రెండు మంచి టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, చిన్న స్టవ్వు కొనుక్కుని ఉన్న కారులోనో అద్దె కారులోనో అరకు వెళ్లండి. టెంటు వేసేముందు స్థలం ఎవరిదో అడగండి, అడవిలోనైతే అటవీశాఖ ఒప్పుకోవాలి. శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు వేసేస్తారు, దానికి తగ్గట్టు బయల్దేరండి. బండిలోనే పడుకోవాలని ఉంటే కేరళలోనో కర్ణాటకలోనో కారవాన్ అద్దెకి తీసుకుని ఒక వారం ఉండి చూడండి. ఆ డబ్బు చీటీ చేతికొచ్చాక అందులోంచే, ఎఫ్‌డీలోంచి కాదు. ఎఫ్‌డీని రెండు ముక్కలు చేసి, లక్ష స్వీప్-ఇన్‌లో, అంటే సేవింగ్స్ ఖాతాకి ముడిపెట్టిన ఎఫ్‌డీలో పెట్టండి, అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటర్ దగ్గరైనా ఫోన్‌లో తీసుకునేలా.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ 3 లక్షల ఆఫీసు కవర్. ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. అమ్మగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పని లేకుండా కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల కవర్. ఆధార్ తీసుకెళ్లి ఈ వారమే చేయించండి. మీ నలుగురికీ 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే అందరూ కలిసి వాడుకునే ఒకే హెల్త్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకి కంపెనీలు గరిష్ఠంగా మూడేళ్ల దాకా ఆగమంటాయి, ఆ గడియారం పాలసీ తీసుకున్న రోజునుంచే మొదలవుతుంది. మీ బీపీ సంగతి ప్రపోజల్ ఫారంలో మందు పేరుతో సహా రాయండి. ఏజెంటు ‘అది రాస్తే ప్రీమియం పెరుగుతుందండీ’ అన్నా సరే.