ఓడ ఆగే ఒక్కరోజు కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది కాకినాడ. ఇద్దరం రిటైర్డ్ టీచర్లం. మాంచెస్టర్‌లో ఉంటున్న అబ్బాయి, కోడలు మమ్మల్ని జూన్‌లో క్రూయిజ్‌కు తీసుకెళ్తున్నారు. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో, కిర్క్‌వాల్ దగ్గర ఓడ ఒకరోజు ఆగుతుంది. ఓడవాళ్ల టూర్‌కు మనిషికి 120 పౌండ్లట. ఇదీ అబ్బాయి మీదే వేయడం మాకిష్టం లేదు. ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. గడువుకు ముందే తీస్తే వడ్డీ తగ్గుతుంది, అంత అవసరం ఇక్కడ లేదు.

పౌండు 115 రూపాయలనుకుంటే నలుగురికి 55,200 అవుతుంది. అందులో బస్సు, గైడు ఖర్చు పోను మిగతాది ఒక హామీకి ఇస్తున్నారు. ఓడవాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగుతుంది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు. అప్పుడు తర్వాతి రేవుకు విమానం టికెట్లు, హోటల్ మీ నెత్తినే పడతాయి.

ఊళ్లో తిరగడానికి ఈ హామీ అక్కర్లేదు. కిర్క్‌వాల్‌ను నడిచే చూడొచ్చు. 1137లో కట్టడం మొదలైన సెయింట్ మాగ్నస్ కెథెడ్రల్‌కు టికెట్ లేదు.

దూరం వెళ్లాల్సింది స్కారా బ్రే కోసం, సుమారు 30 కిలోమీటర్లు. ఐదువేల ఏళ్ల నాటి ఊరది. 1850లో వచ్చిన తుపానుకు పైనున్న ఇసుక కొట్టుకుపోయి బయటపడింది. ఇళ్లలో రాతి మంచాలు, సామాన్లు పెట్టుకునే రాతి అరలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పాఠాలు చెప్పినవాళ్లు, అంతదూరం వెళ్లి ఇది చూడకుండా రావద్దు. దారిలో కనిపించే రింగ్ ఆఫ్ బ్రాడ్గర్ నిలువురాళ్లకు టికెట్ ఉండదు.

నలుగురున్నారు కాబట్టి స్థానిక టాక్సీ టూర్‌వాళ్లను మనిషికి కాకుండా బండికి ఎంతో అడగండి. 300 పౌండ్లలోపు కుదిరితే దాదాపు 20,000 రూపాయలు మిగులుతాయి. అది దాటితే ఓడ టూరే నయం. టాక్సీలో వెళ్తే ఓడ ఎక్కాల్సిన సమయానికి కనీసం గంటన్నర ముందే రేవుకు చేరేలా మాట్లాడుకోండి. స్కారా బ్రే టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం గాలి. ఆర్క్నీలో చెట్లే తక్కువ, గాలికి అడ్డు ఉండదు. గాలి ముదిరితే కెప్టెన్ రేవులో ఆపకుండానే ముందుకు వెళ్లిపోవచ్చు. అలాంటప్పుడు ఓడ టూర్ డబ్బు మామూలుగా వెనక్కి ఇచ్చేస్తారు. టాక్సీవాళ్లు ఇస్తారో లేదో వాళ్ల షరతుల మీద ఉంటుంది. 'ఓడ రాకపోతే మొత్తం వాపసు' అని ఈమెయిల్‌లో రాసివ్వకపోతే అడ్వాన్స్ కట్టకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారంలో బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి.

ఇక చెల్లింపు. మన క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీలో కట్టినందుకు అదనపు రుసుము), దానిమీద జీఎస్టీ వేస్తాయి. టాక్సీ 300 పౌండ్లకు, అంటే 34,500 రూపాయల మీద అదే 1,400 దాటుతుంది. అబ్బాయిని తన కార్డుతో కట్టమనండి. మీరు అంత మొత్తం రూపాయల్లో అతని ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు (విదేశాల్లో ఉండేవాళ్లకు మన బ్యాంకుల్లో ఉండే రూపాయల ఖాతా) బహుమతిగా పంపండి. తల్లిదండ్రులు కొడుక్కి ఇచ్చేదానికి పన్ను ఉండదు, భారం అతని మీదా పడదు. నెల పెన్షన్లలోంచి ఇప్పటినుంచే కొంచెం కొంచెం పక్కన పెడితే జూన్ నాటికి సరిపోతుంది.

అక్కడ షాపుల్లో మీ కార్డు వాడాల్సివస్తే, మెషీన్ రూపాయలా పౌండ్లా అని అడిగినప్పుడు పౌండ్లే నొక్కండి. స్కాట్లాండ్ బ్యాంకుల నోట్లు చేతికొస్తే అక్కడే ఖర్చు పెట్టేయండి, వాటిని ఇక్కడ మార్చుకోవడం కష్టం.