మహిళా సర్పంచ్‌ల మీద పీహెచ్‌డీ: 400 ప్రశ్నావళులా, ఊళ్లో మకామా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాజనీతి శాస్త్రంలో పీహెచ్‌డీలో చేరారు, టాపిక్ మహిళా సర్పంచ్‌ల రిజర్వేషన్. గైడ్ గారేమో 400 ప్రశ్నావళులు నింపించి ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో వేయమంటున్నారు. మీకు లెక్కలంటే భయం, ఊళ్లో కూర్చుని మనుషులతో మాట్లాడటం ఇష్టం. క్వాంటిటేటివ్ (అంకెల పద్ధతి), క్వాలిటేటివ్ (మాటల పద్ధతి) రెండింట్లో ఏది "శాస్త్రీయం" అని మీ సందేహం.

రెండూ శాస్త్రీయమే. రెండింటినీ చెత్తగా చేయడమూ తేలికే. అయితే లెక్కలు రావు కాబట్టి క్వాలిటేటివ్ తీసుకుంటానంటే మాత్రం ఒప్పుకోను. అలా తయారైన థీసిస్‌లు చాలా చదివాను. మూడు ఊళ్లు, కొన్ని ఇంటర్వ్యూలు, చివర్లో "సాధికారత ఇంకా సాధించాల్సి ఉంది" అని ఒక వాక్యం. ఆ మూడు ఊళ్లే ఎందుకో ఎక్కడా ఉండదు. రాసినవాళ్ల అభిప్రాయానికి ఎదురుచెప్పిన మనిషి ఒక్కరూ కనపడరు. ఇంటర్వ్యూ పద్ధతికి చెడ్డపేరు తెచ్చింది ఇలాంటివే.

ముందు ఆ 400 సంగతి చూద్దాం. మన యూనివర్సిటీల్లో ఏ థీసిస్ తెరిచినా ఇదే అంకె. ఎంతమందిని అడిగితే చాలో చెప్పే యమానే సూత్రంలోంచి వస్తుంది: జనాభా ఎంత పెద్దదైనా, 5 శాతం అటూ ఇటూ తేడాకు ఒప్పుకుంటే దాదాపు 400 మంది చాలు. లెక్కలో తప్పేం లేదు, కాకపోతే దాని వెనక ఒక షరతుంది. ఆ 400 మందినీ పూర్తి జాబితాలోంచి చీటీ తీసినట్టు తీయాలి. మండలాఫీసు ముందు దొరికినవాళ్లతో నింపించుకుంటే 400 అయినా 4000 అయినా ఒకటే. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. పోగేసినవాటికి కొదవ లేదు, వాటిని తెచ్చుకున్న జాబితాలే ఒకవైపు ఒరిగి ఉన్నాయి.

పీహెచ్‌డీలో చేరకముందు నేను ఎన్నికల సర్వేల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా తిరిగాను. ఓటర్ల జాబితాలోంచి తీసిన పేర్ల కాగితం చేతికిస్తారు. ఆ పేరు గల మనిషినే అడగాలి. ఆయన ఇంట్లో లేడు కదా అని తమ్ముడిని కూర్చోబెట్టి నింపడానికి వీల్లేదు. వెతుక్కుంటూ వెళ్తే ఒక పేరు పెళ్లయి అత్తారింటికి వెళ్లిపోయిన అమ్మాయిది, ఇంకోటి పనికోసం హైదరాబాద్ పోయిన కుర్రాడిది, మరోటి చనిపోయినా జాబితాలోంచి పోని తాతది. ఇక ఓటు ప్రశ్న నోటితో అడగం. గుర్తులున్న నమూనా బ్యాలెట్ ఇచ్చి, టిక్కు పెట్టి మడిచి డబ్బాలో వేయమంటాం. 1963లో రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారీ ఢిల్లీలో పెట్టిన సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ, అందులోని లోక్‌నీతి విభాగం చేసే సర్వేల్లోనూ ఓటు సంగతి ఇలాగే రాబడతారు. అంత జాగ్రత్త పడ్డా, అరుగు మీద మామగారు కూర్చుని ఉంటే కోడలి పెన్ను ఆగుతుంది. ఫలితాలొచ్చాక అడిగితే గెలిచిన పార్టీకి వేశామనేవాళ్లు అసలు వేసినవాళ్లకంటే ఎక్కువ తేలతారు. టేబుల్‌లో దశాంశాలతో సహా కనపడే అంకె ఇలాంటి అరుగుల మీదే పుడుతుంది. అందుకని మాటలు, అంకెలు రెండు వేరు లోకాలన్నట్టు మాట్లాడేవాళ్లు ఫీల్డు చూడలేదేమో అనిపిస్తుంది నాకు.

ఇక మీ టాపిక్. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చి, పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు, పదవులు మహిళలకు ఇవ్వాలంది. "దాంతో ఏమైనా మారిందా?" అన్న ప్రశ్నకు అంకెలతో వచ్చిన గట్టి జవాబు రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో 2004లో ప్రచురించిన పరిశోధన. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలు చూశారు. ఏ పంచాయతీ మహిళకు రిజర్వ్ అవుతుందన్నది ఊరి స్వభావాన్ని బట్టి కాకుండా యాదృచ్ఛికంగా తేలింది. కాబట్టి రిజర్వ్ అయిన ఊళ్లకూ కానివాటికీ మధ్య కనపడే తేడాను రిజర్వేషన్ ఖాతాలో వేయొచ్చు. మహిళలు పంచాయతీ పెద్దలుగా ఉన్నచోట తాగునీటికి ఎక్కువ ఖర్చయింది. రోడ్ల దగ్గర రెండు జిల్లాలూ విడిపోయాయి: బీర్‌భూమ్‌లో రోడ్ల పని పెరిగింది, ఉదయ్‌పూర్‌లో తగ్గింది. కారణమేంటంటే బెంగాల్ ఆడవాళ్లు రోడ్ల గురించి కూడా అడుగుతున్నారు, రాజస్థాన్‌లో రోడ్డు మగవాళ్ల కోరిక. ఇలాంటి జవాబు ఎన్ని ఇంటర్వ్యూలు చేసినా రాదు. ఒక ఊళ్లో కూర్చుంటే ఆ ఊరి నీళ్ల ట్యాంకు కనపడుతుంది. రిజర్వేషన్ లేకపోయినా ఆ ట్యాంకు వచ్చేదా అన్నది కనపడదు.

మనకూ ఇలాంటి వీలుంది, చాలామంది గమనించడం లేదు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ సర్పంచ్ స్థానాలు జనాభా లెక్కన ఖరారవుతాయి కానీ, ఒక్కో కేటగిరీలో మహిళలకు ఏ ఊళ్లన్నది లాటరీ తీసి తేలుస్తారు. పార్టీల వాళ్ల ఎదుటే డ్రా తీస్తారు. పరిశోధకుడికి ఇంతకంటే ఏం కావాలి!

అంకెలు తడబడేది ఇంకో చోట. ఒక ఊళ్లో సర్పంచ్ గారింటికి వెళ్లాను. మామూలే, భర్త బయటికొచ్చి కుర్చీ వేసి "చెప్పండి సార్, ఏం కావాలి" అన్నాడు. ఆమె లోపల వంటగదిలో ఉంది. పార్టీ సంగతులు, ఎమ్మెల్యేతో గొడవ, ఉపసర్పంచ్ ఎవరి మనిషి, అన్నీ ఆయనే చెప్పాడు. మాటల్లో బోరు మోటారు ఎప్పుడు మార్చారని అడిగితే "మొన్న శ్రావణంలో" అన్నాడు. లోపల్నుంచి గొంతు వచ్చింది: "శ్రావణం కాదు, ఉగాదికి ముందు. కాలిపోయింది రెండో మోటారు. ఎం-బుక్ రాశారు గానీ బిల్లు ఇంకా రాలే." ఎం-బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. తర్వాత ఏ వీధికి ఏ పూట నీళ్లొస్తాయో, పంపు తిప్పే అతనికి ఎన్ని నెలల జీతం బాకీయో వరసగా ఆమే చెప్పింది. భర్త ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

నా ప్రశ్నావళిలో "పంచాయతీ నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?" అని ఉంది. స్వయంగా 1, భర్త 2, ఇతరులు 3. ఆ ఇంటికి ఏం కోడ్ వేస్తారు? మీ గైడ్ గారి 400 కాగితాల్లో ఆమె "2" అయిపోతుంది, పదవి భార్యది, పెత్తనం భర్తది అనే "సర్పంచ్ పతి" కథ ఇంకో శాతం బలపడుతుంది. ఆ ఇంటి నుంచి వచ్చాక ఆ ప్రశ్న తీసేసి, నీళ్లు, వీధి దీపాలు, కాంట్రాక్టులు, పింఛన్ల సిఫార్సు, పోలీసు పంచాయితీలు అని పని పనికీ విడగొట్టి అడిగాను. పక్కనే తీర్మానాల పుస్తకం పెట్టుకుని ఏ తీర్మానం ఎవరు ప్రతిపాదించారో లెక్కపెట్టాను. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ను, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారాన్ని, సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ ఉమ్మడిగా ఇచ్చింది కాబట్టి, డబ్బు దగ్గర ఆమెను అడ్డుకునేది భర్తేనా, ఉపసర్పంచా అన్నది మరో ప్రశ్నగా తెరుచుకుంది. ఇంట్లో విన్న మాట లేకపోతే నా టేబుల్స్‌లో ఆ గడులే ఉండేవి కావు.

అంకె సరైనదే అయినా అర్థం తలకిందులయ్యే సందర్భాలూ ఉంటాయి. లక్ష్మీ అయ్యర్, ఆనంది మణి, మరో ఇద్దరు 2012లో ప్రచురించిన పేపర్‌లో, స్థానిక సంస్థల్లో మహిళలు వచ్చాక మహిళలపై నేరాల కేసులు బాగా పెరిగినట్టు తేలింది. పైపైన చూస్తే రిజర్వేషన్ వల్ల హింస పెరిగిందని హెడ్డింగ్ పెట్టేయొచ్చు. వాళ్ల వాదన వేరు: నేరాలు కాదు, ఫిర్యాదు చేయడానికి ముందుకొచ్చే ఆడవాళ్లు పెరిగారు. కేసుల పట్టిక ఒక్కటే చూసి ఆ మాట అనలేం. స్టేషన్ గడప దగ్గర ఏం జరుగుతుందో తెలియాలి.

ఊళ్లు ఎలా ఎంచుకోవాలో నేర్చుకోవడానికి అశుతోష్ వార్ష్నేయ్ 2002లో మతకల్లోలాల మీద చేసిన పని చూడండి. 1950 నుంచి 1995 దాకా ఒక దినపత్రికలో వచ్చిన అల్లర్ల వార్తలన్నీ లెక్కగట్టి, మరణాల్లో దాదాపు సగం ఎనిమిది నగరాల్లోనే జరిగాయని తేల్చారు. అందులో హైదరాబాద్ ఉంది. తర్వాత ముస్లిం జనాభా వాటా దగ్గర దగ్గరగా ఉండి, ఒకటి రగిలే, ఒకటి ప్రశాంతంగా ఉండే నగరాలను జతలు చేశారు: హైదరాబాద్‌కు లక్నో, అలీగఢ్‌కు కాలికట్, అహ్మదాబాద్‌కు సూరత్. అప్పుడు వెళ్లి మాట్లాడారు. రెండు మతాలవాళ్లూ కలిసి నడిపే సంఘాలున్నచోట అల్లర్లు ఆగాయన్నది ఆయన జవాబు. దశాబ్దాల పాటు అలీగఢ్‌ను దగ్గరగా చూసిన పాల్ బ్రాస్ దీన్ని ఒప్పుకోలేదు. అల్లర్లను పూనుకుని తయారుచేసే మనుషులు, యంత్రాంగం ఉంటాయన్నాడు. స్టీవెన్ విల్కిన్సన్ ఓట్ల లెక్కలు తీసి, రాష్ట్ర ప్రభుత్వానికి మైనారిటీ ఓట్లు అవసరమైతే పోలీసులు అల్లర్లను ఆపుతారన్నాడు. నాకు విల్కిన్సన్ వాదన ఎక్కువ బలంగా అనిపిస్తుంది గానీ, ఊళ్లు ఎంచుకునే పద్ధతికి మాత్రం వార్ష్నేయ్‌దే మాదిరి.

అంకెలవాళ్లు, మాటలవాళ్లు అనే రెండు శిబిరాల తగువు కూడా మీకు పరీక్షలో వస్తుంది. 1994లో కింగ్, కొహేన్, వెర్బా అనే రాజనీతి శాస్త్రవేత్తలు రెండు పద్ధతులకూ తర్కం ఒకటేనన్నారు. 2000లో "మిస్టర్ పెరెస్త్రోయికా" అనే మారుపేరుతో వచ్చిన ఈమెయిల్, అమెరికా రాజనీతి శాస్త్ర పత్రికల్లో గణితం పెత్తనం మీద తిరుగుబాటు లేపింది. అది వాళ్ల ఇంటి గొడవ. మన దగ్గర గణితం పెత్తనం ఎక్కడుంది, టేబుల్స్ పెత్తనం తప్ప!

గైడ్ గారితో వాదన పెట్టుకోకండి. ఎస్‌పీఎస్‌ఎస్ లైసెన్స్ లేకపోతే "ఆర్" అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండు సగటుల మధ్య తేడా, దాని పొరపాటు పరిధి, ఒక సాధారణ రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో చూసే లెక్క), మీ పనికి ఇంతవరకు చాలు. మీ జిల్లా పంచాయతీ ఆఫీసు నుంచి రిజర్వేషన్ జాబితా తెచ్చుకోండి. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీవారీ ఖర్చులు ఉంటాయి. ఒక్క మండలం తీసుకుని, నీటి పద్దు ఎక్సెల్‌లో ఎక్కించి, ఒకే కేటగిరీలో లాటరీలో మహిళకు వచ్చిన ఊళ్లనూ రానివాటినీ పక్కపక్కన పెట్టండి. మహిళా సర్పంచ్ ఉండీ నీటి ఖర్చు అట్టడుగున ఉన్న ఊరు ఒకటి, అందరికంటే పైనున్నది ఒకటి దొరుకుతాయి. మకాం ఆ రెండు ఊళ్లలో పెట్టండి. 400 కాగితాల మీద ఏం అడగాలో అక్కడ తేల్చుకుని, అప్పుడు అచ్చు వేయించండి. ప్రశ్నావళి ముసాయిదా ఇక్కడ పెడితే చూసి చెబుతాను.