చదువుల కాగితాల్లో పేరు, జెండర్ మార్పు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. వరంగల్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కలెక్టర్ గారి ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం వచ్చింది. యూనివర్సిటీలో అడిగితే ముందు టెన్త్ మెమో మార్పించుకుని రమ్మంటున్నారు. స్కూల్లో అడిగితే మా చేతిలో లేదంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: విసుగ్గా ఉన్నా టెన్త్ నుంచి అన్నీ మార్చుకోవాల్సిందే. ఇంటర్ బోర్డు టెన్త్ మెమో చూసి పేరు ఎక్కిస్తుంది, యూనివర్సిటీ ఇంటర్ మెమో చూసి. డిగ్రీ పట్టా ఒక్కటే మారితే ఉద్యోగంలో సర్టిఫికెట్ల పరిశీలన నాడు ఇద్దరు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి. అలాగని యూనివర్సిటీ చెప్పే వరుస చట్టంలో ఉందనుకోకండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం (2019) కింద వచ్చిన 2020 నియమాల జాబితాలో స్కూలు, బోర్డు, కాలేజీ, యూనివర్సిటీ ఇచ్చే సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి. దరఖాస్తు అందిన 15 రోజుల్లో మార్చి ఇవ్వాల్సిన బాధ్యత ఏ సంస్థకా సంస్థకే ఉంది. కాబట్టి మూడు చోట్లా ఒకే వారంలో దరఖాస్తు పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. టెన్త్‌ది ప్రభుత్వ పరీక్షల విభాగానికి, హెడ్‌మాస్టర్ ద్వారా పంపండి. అడ్మిషన్ రిజిస్టర్ నకలు ఎలాగూ ఆయనే ఇవ్వాలి.

ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది ‘నేమ్ కరెక్షన్’ అని రాయడం వల్ల. ఆ మాట కనిపిస్తే గుమాస్తా దాన్ని అచ్చుతప్పుల ఫైల్లో కలిపేస్తాడు, అక్కడి గడువులూ షరతులూ వేరు. విషయం దగ్గరే చట్టం పేరు, నియమాల పేరు రాయండి. మార్చాల్సిన ప్రతి మాటా విడివిడిగా అడగండి: పేరు, జెండర్, ఫొటో, ‘కుమారుడు’ అని ఉన్నచోట ‘కుమార్తె’. అడగనిది ఎవరూ మార్చరు.

మీ గుర్తింపు పత్రంలో జెండర్ ఏమని ఉందో కూడా చూసుకోండి. 2019 చట్టం ఆరో సెక్షన్ కింద ఇచ్చే పత్రంలో ట్రాన్స్‌జెండర్ అనే ఉంటుంది. స్త్రీ అని రావాలంటే శస్త్రచికిత్స తర్వాత ఏడో సెక్షన్ కింద ఇచ్చే సవరించిన పత్రం కావాలి. ఆ సెక్షన్ మాట్లాడేది సొంత పేరు (ఫస్ట్ నేమ్) గురించే. ఇంటిపేరు కూడా మార్చుకుంటే గెజిట్ ప్రకటన అడుగుతారు, అది వేరే పని.

మన పేర్లతో వచ్చే చిక్కు ఇంకోటుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. గుర్తింపు పత్రంలో మూడో రకంగా పడితే అన్నీ వెనక్కొస్తాయి. ఇంగ్లిష్ స్పెల్లింగుతో సహా అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఖాయం చేసుకోండి.

కొత్త మెమో మీద పాత నంబరే ఉండాలని నియమం. హాల్ టికెట్ నంబరు మారితే పాత రికార్డుతో లంకె తెగుతుంది, అందుకని. పాత మెమో అప్పగించే ముందు గెజిటెడ్ అధికారితో ధ్రువీకరించిన నకళ్లు నాలుగైదు తీసి పెట్టుకోండి. డిజిలాకర్‌లో పాతదే కనిపిస్తుంటే దాన్ని ఎక్కించిన బోర్డునే అడగాలి. పరీక్ష ఫీజు కట్టి హాల్ టికెట్ వచ్చేశాక మధ్యలో మార్పు పెట్టకండి. ఆ పరీక్షలు పాత పేరుతోనే రాసి, గుర్తింపు పత్రం వెంట ఉంచుకోండి.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే ఆ కాగితమే ఆధారం. నోటిమాటగా ‘కుదరదు’ అన్నది కోర్టులో పెద్దగా నిలవదు.

ప్రశ్న: అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాను. యూనివర్సిటీ పోర్టల్లో నాకు నచ్చిన పేరు పెట్టుకున్నాను. డిప్లొమా మీద కూడా అదే వేయించుకుంటే ముందుముందు ఇబ్బందా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: అక్కడ డిప్లొమా గోడకు తగిలించుకునే పట్టా, లెక్కకొచ్చేది ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కుల రికార్డు. అందుకే చాలా యూనివర్సిటీలు డిప్లొమా మీద కోరుకున్న పేరు వేస్తాయి, ట్రాన్స్‌క్రిప్ట్ మీద మాత్రం చట్టబద్ధమైన పేరే ఉంచుతాయి. ఐ-20 (విద్యార్థి వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) పాస్‌పోర్టును అనుసరిస్తుంది, ఓపీటీ (చదువుకు సంబంధించిన తాత్కాలిక పని అనుమతి) దానిమీదే నడుస్తుంది కనుక అక్కడ గొడవ లేదు. చిక్కు వచ్చేది డిప్లొమా నకలు జతచేయాల్సిన చోట: హెచ్-1బి ఉద్యోగ వీసా పిటిషన్, డిగ్రీ మూల్యాంకనం, ఇండియాలో ఉద్యోగానికి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ). రెండు పేర్లూ ఒకే విద్యార్థివని రిజిస్ట్రార్ దగ్గర లేఖ ఇప్పుడే తీసుకోండి. చట్టబద్ధమైన పేరుతో రెండో ప్రతి అమ్ముతారేమో కూడా అడగండి. ఆ ఖర్చుకు వెనకాడకండి.

ఇంట్లో చెప్పలేదన్నారు కనుక పోర్టల్లో ‘పర్మనెంట్ అడ్రస్’ చూసుకోండి. డిప్లొమా తిన్నగా మీ అమ్మానాన్నల ఇంటికి చేరొచ్చు. స్నాతకోత్సవం పుస్తకంలో ఏ పేరు పడుతుందో, వేదిక మీద, లైవ్‌లో ఏ పేరు పిలుస్తారో విడిగా అడగాలి. విద్యార్థి రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా అనే అమెరికా చట్టం కింద, మీ డైరెక్టరీ సమాచారం (పేరు, చిరునామా లాంటివి) బయటపెట్టొద్దని రాసివ్వొచ్చు.

ప్రశ్న: హైస్కూల్ హెడ్‌మాస్టర్‌ని. తొమ్మిదో తరగతి విద్యార్థిని వేరే పేరుతో పిలవాలని తల్లిదండ్రులే కోరుతున్నారు. పిలవొచ్చా?

జవాబు: పిలవడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. అడ్మిషన్ రిజిస్టర్, టీసీ మార్చాలంటే మాత్రం కలెక్టర్ పత్రం కావాలి. మైనర్ కాబట్టి దరఖాస్తు తల్లిదండ్రులే పెట్టాలి. టెన్త్ మెమోలో పడేది మీరు పంపే నామినల్ రోల్‌లోని (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలోని) పేరే. అది బోర్డుకు వెళ్లేలోపు పత్రం చేతికి వచ్చేలా వాళ్లను ఇప్పుడే తొందరపెట్టండి.