పాలు తగ్గిస్తే తింటాడా అంటే, తినడు

మీ బాబుకి ఏడో నెల నడుస్తోందని, తల్లిపాలు తప్ప ఏదీ నోట్లోకి పోనివ్వడం లేదని, స్పూన్ కనిపిస్తే చాలు మొహం తిప్పేసుకుంటున్నాడని రాశారు. పాలు తగ్గిస్తే ఆకలికైనా తింటాడా అని అడిగారు. తగ్గించకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా ఎంతసేపైనా వాదిస్తాను.

మా పాప కూడా అచ్చం ఇలాగే చేసేది. ఆరు నెలలు నిండాక మొదలుపెట్టాం. మెదిపిన అరటిపండు, ఉడికించిన క్యారెట్ గుజ్జు, పప్పు గుజ్జు, ఏది పెట్టబోయినా పెదాలు బిగించేసేది. ఎలాగోలా లోపలికి వెళ్ళినా నాలుకతో బయటికి తోసేసేది. చుట్టూ ఉన్నవాళ్ళందరిదీ ఒకటే మాట: "పాలు మరిగింది, మాన్పిస్తే అదే దారికొస్తుంది." మేం చూపించిన ఒక డాక్టరు కూడా పగటిపూట పాలు సగానికి సగం తగ్గించమన్నారు. నేను వినలేదు. ఇప్పటికీ వినను.

ఎందుకంటే తల్లిపాలలో వంద మిల్లీలీటర్లకి 65 నుంచి 70 కేలరీలు ఉంటాయి. నీళ్ళు కలిపి పల్చగా చేసిన క్యారెట్ గుజ్జులో అందులో సగం కూడా ఉండవు. బలమైనది తీసేసి బలం లేనిది పెడితే బిడ్డకి ఒరిగేదేంటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలు తాగే బిడ్డకి బయటి తిండి నుంచి కావాల్సింది రోజుకి సుమారు 200 కేలరీలే. మిగతాదంతా పాలే ఇస్తాయి. రెండేళ్ళు, ఆపైన కూడా పాలివ్వమనే ఆ సంస్థ చెబుతోంది. అయినా ఆకలితో నకనకలాడే పసిబిడ్డ కొత్తదాన్ని ఎందుకు రుచి చూస్తాడండీ? తనకి తెలిసినదాని కోసమే ఏడుస్తాడు. కడుపు నిండి హుషారుగా ఉన్నప్పుడే చేతికి దొరికిన వస్తువునల్లా నోట్లో పెట్టుకుంటాడు. తిండి కూడా వాడి చేతికి దొరికే వస్తువుల్లో ఒకటి కావాలి, అంతే.

మా పాప మొదటిసారి తిన్నది కూడా పాలు తాగిన తర్వాతే. ఆ సాయంత్రం కడుపునిండా పాలిచ్చి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేను భోజనానికి కూర్చున్నాను. దానికి పెట్టాలన్న ఆలోచనే లేదు. పొద్దున గిన్నెడు గుజ్జు నేలపాలైంది, ఆ రోజుకి చాలనుకున్నాను. నా కంచంలో ఉడికించిన క్యారెట్ ముక్కలున్నాయి. వేలంత పొడుగు, రెండు వేళ్ళతో నొక్కితే నలిగిపోయేంత మెత్తన. పాప ముందుకి వంగి కంచం అంచు పట్టుకుని ఊపింది. తర్వాత ఒక ముక్కని గుప్పిట్లో బిగించింది. సగం వేళ్ళ సందుల్లోంచి బయటికొచ్చేసింది. ఆ చేతిని చాలాసేపు చూసుకుంది. ముక్కుకి రాసుకుంది, చెవికి రాసుకుంది, చివరికి నాకింది. మొహం చిట్లించి, మళ్ళీ నాకింది.

అంతలో మా అత్తయ్య "తింటోందే!" అంటూ స్పూన్ కోసం లేవబోయారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఎవరూ దానివైపు చూడొద్దని సైగ చేశాను. మా ఆయన నోట్లో ముద్ద నమలకుండా అలాగే ఉంచుకుని కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. పాప ఈసారి ముక్కని చిగుళ్ళతో కొరికింది. కాస్త పెద్దదే లోపలికి వెళ్ళింది. ఓకరించింది, మొహం ఎర్రబడింది, దగ్గి ముక్కని గడ్డం మీదికి తోసేసింది. అత్తయ్యకి ప్రాణం పోయినంత పనైంది. పాప మాత్రం గడ్డం మీది ముక్కని తడుముకుని వెతికి పట్టుకుని మళ్ళీ నోట్లో పెట్టేసుకుంది. ఈసారి మింగింది. అదే క్యారెట్టండీ! పొద్దున గుజ్జు చేసి స్పూన్‌తో ఇస్తే ఉమ్మేసిన క్యారెట్!

ఆ ఓకరింపు గురించి తెలియకే సగం ఇళ్ళలో బిడ్డని ఏడాది దాకా నీళ్ళలాంటి గుజ్జు మీదే ఉంచుతారు. ఈ వయసులో ఓకరింపు పెద్దవాళ్ళలోలా గొంతు దగ్గర కాకుండా నాలుక మీద ఇంకా ముందుకే మొదలవుతుంది. పెద్ద ముక్క వెనక్కి జారకుండా అది కాపలా. ఓకరించే బిడ్డ దగ్గుతాడు, చప్పుడు చేస్తాడు. నిజంగా గొంతుకి అడ్డుపడితే చప్పుడే రాదు, దగ్గలేడు, ఏడవలేడు. ఈ తేడా, అడ్డుపడినప్పుడు వీపు మీద ఎలా తట్టాలో ఇంట్లో అందరూ ముందే నేర్చుకోవాలి. బిడ్డ నిటారుగా కూర్చుని ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. గట్టి గింజలు, పచ్చి క్యారెట్, గుండ్రటి ద్రాక్షపళ్ళు వద్దు. ఏడాది లోపు తేనె అసలు వద్దు, పసిపిల్లల్లో కండరాలు చచ్చుబడేలా చేసే బోట్యులిజం అనే జబ్బు భయం ఉంది.

మీ బాబుకి అడ్డొస్తున్నది తిండి కాదని నా గట్టి నమ్మకం. స్పూన్ పట్టుకున్న చెయ్యి వాడిది కాదు, అదీ సంగతి. తల్లిపాలు తాగే బిడ్డ పుట్టినప్పటి నుంచి ఎంత తాగాలో, ఎప్పుడు ఆపాలో తనే తేల్చుకుంటూ వచ్చాడు. ఏడో నెలలో ఉన్నట్టుండి ఆ పెత్తనం లాగేసుకుని, బుగ్గలు నొక్కి, విమానం వస్తోందని నోరు తెరిపించి తోసేస్తే ఊరుకుంటాడా? ఫోన్‌లో బొమ్మలు పెట్టి తినిపించడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నోట్లో ఏముందో కూడా తెలియకుండా మింగే బిడ్డకి ఆకలి తీరిందని ఎలా తెలుస్తుంది?

అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు 1926లో మొదలుపెట్టిన ప్రయోగం ఒకటుంది. అప్పటిదాకా పాలు తప్ప ఏమీ ఎరగని పసిపిల్లల ముందు రకరకాల తిండి పెట్టారు. నర్సు స్పూన్ పట్టుకుని పక్కన కూర్చుంటుంది, కానీ బిడ్డ చెయ్యి చాపితేనో వేలు పెట్టి చూపితేనో తప్ప పెట్టదు. తిన్నా మెచ్చుకోదు, తినకపోయినా ఏమీ అనదు. పిల్లలు చక్కగా పెరిగారు. అయితే అక్కడ పెట్టినవన్నీ చక్కెర కలపని మంచి ఆహారాలే. ఏం పెట్టాలన్నది పెద్దవాళ్ళ పని, ఎంత తినాలన్నది బిడ్డ పని. మా ఇంట్లో ఇదే నడిచింది.

ఇంకో సంగతి. మీరు తినేదే కాస్త మెత్తగా చేసి, ఉప్పూ చక్కెరా వేయకుండా వాడి ముందు పెట్టండి. తల్లి తిన్న తిండి రుచులు పాలలోకి దిగుతాయి. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు క్యారెట్ రుచి తగిలినప్పుడు మొహం చిట్లించడం తక్కువ. ఒక రుచి అలవాటు కావడానికి ఎనిమిది, పది సార్లు చూపించాల్సి వస్తుంది, ఒక్కోసారి పదిహేను. ఒకసారి ఉమ్మేయగానే "వీడికి ఇది పడదు" అని తీర్పు చెప్పేయకండి.

అలాగని "ఏడాది లోపు తిండి ఆటకే" అని ఈమధ్య తిరుగుతున్న మాట నమ్మి కూర్చోకండి. ఆ మాటా నాకు కోపమే. కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఐరన్ నిల్వ ఆరో నెలకల్లా దాదాపు అడుగంటుతుంది, నెల తక్కువ పిల్లల్లో ఇంకా ముందే. తల్లిపాలలో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది గానీ, లీటరుకి అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఏడు నుంచి పన్నెండు నెలల బిడ్డకి అమెరికా ప్రమాణం ప్రకారం రోజుకి 11 మిల్లీగ్రాములు కావాలి. అందుకే మొదటి రుచుల్లోనే మెత్తగా ఉడికిన మాంసమో, గుడ్డో, పప్పో ఉండాలి. పక్కన పుల్లటి పండు ఉంటే పప్పులోని ఐరన్ ఇంకాస్త ఒంటబడుతుంది. పదో నెల లోపే పలుకులు తగిలే తిండికి కూడా అలవాటు పడాలి. ఆలస్యమైతే తర్వాత ఇంకా మొరాయిస్తారు.

కాబట్టి పాలిచ్చిన కాసేపటికి, నిద్రమత్తు లేనప్పుడు, మీతోపాటు కూర్చోబెట్టుకోండి. రోజుకి రెండు మూడు సార్లు. మీరు తినండి, వాడి ముందు రెండు మెత్తటి ముక్కలు ఉంచండి. చేత్తో నలిపినా, జుట్టుకి పూసుకున్నా వారించకండి. బరువు తగ్గుతున్నా, నీరసంగా పాలిపోయి కనిపించినా, ఏ ముక్క తగిలినా ప్రతిసారీ వాంతి చేసుకుంటున్నా, ఎనిమిది తొమ్మిది నెలలకి కూడా ఏమీ మింగకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అక్కడ కూడా ముందు "పాలు మాన్పించండి" అనే అంటే, హిమోగ్లోబిన్ పరీక్ష రాయమనండి. ఐరన్ చుక్కలు అవసరమా అని అడగండి.