కాశీ ప్రయాణానికి లోన్ యాప్ ఎందుకండీ?

వరంగల్ నుంచి ఒకాయన రాశారు. జీతం 38 వేలు, ఇంటి ఖర్చు, బండి ఈఎంఐ కలిపి నెలకు 28 వేలు పోతాయట, బ్యాంకులో 22 వేలు ఉన్నాయట. వచ్చే నెల అమ్మానాన్నలతో కలిపి ఆరుగురూ రైల్లో కాశీ వెళ్లిరావడానికి 60 వేలు కావాలి, లోన్ యాప్‌లో తీసుకోమంటారా అని అడుగుతున్నారు. 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు, నెలకు 5,800 చొప్పున 12 నెలలు. టికెట్‌తో పాటు ఇన్సూరెన్స్ కూడా తీసుకుంటాం కాబట్టి అక్కడ ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా టెన్షన్ లేదట!

ఈ చివరి మాట చూశాకే జవాబు రాయాలనిపించింది, ఎందుకంటే ఇలా అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఐఆర్‌సీటీసీలో 45 పైసలకు వచ్చే బీమా రైలు ప్రమాదాలకండీ. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు, గాయపడి ఆసుపత్రిలో చేరితే 2 లక్షల వరకు. తీసుకోండి, నామినీ వివరాలు కూడా నింపండి, అది వేరే సంగతి. కానీ ఒక రోజుకు పైగా రైల్లో కూర్చుని కాశీ పక్కనున్న మొగల్‌సరాయ్‌లో (ఇప్పుడు స్టేషన్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్) దిగిన మీ నాన్నగారికి బీపీ పెరిగి అక్కడే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అందులోంచి రూపాయి రాదు. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమాలో అమ్మానాన్నలు లేరని మీరే రాశారు. అడ్వాన్స్ కట్టమంటే మీ దగ్గరున్నవి ఆ 22 వేలే, నెల ఖర్చుకు కూడా సరిపోవు.

ఇక ఆ అప్పు. ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ పట్టుకుని మీ చేతికిచ్చేది 57,876. మీరు కట్టేది 69,600. లెక్క వేస్తే ఏడాదికి 35 శాతం పైన పడుతోంది, యాత్రకి వెళ్లడానికి ఇంత వడ్డీనా? పైగా రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి వచ్చే నెలకి ఇప్పుడు చూస్తే ఆరు బెర్తులు దొరకడం కష్టం, చివరికి తత్కాల్‌కే వెళ్తారు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ మీరు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు, ప్రయాణం ఆగిపోయినా ఈఎంఐ మాత్రం ఏడాదంతా కట్టాలి. క్రెడిట్ కార్డు ఈఎంఐ, గోల్డ్ లోన్ కూడా అడిగారు. వడ్డీ తగ్గుతుందేమో గానీ, నా జవాబు అదే, వద్దు.

మీకు కావాల్సింది కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 84 వేలు, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పక్కన ఉండాలి. షేర్లలో కాదు, చిట్టీలో కాదు. నాన్నగారికి వయసు మీద పడుతోంది, అన్నాళ్లు ఆగలేం అంటారు, సరే. మూడు నెలలు మిగులు 10 వేలూ దాచండి, 52 వేలవుతుంది. ఆ తర్వాత రెండు నెలల మిగులు యాత్రకి తీసి మీరూ అమ్మానాన్నా ముగ్గురే వెళ్లిరండి, టికెట్లు బుకింగ్ తెరిచిన రోజే తీసుకోండి, వాళ్లకి లోయర్ బెర్తులు అడగండి. డిసెంబరు, జనవరి మాత్రం వద్దు, పొగమంచుకి అటు రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. తిరిగొచ్చాక మళ్లీ నెలనెలా 10 వేలు వేస్తూ మిగతా 32 వేలు పూర్తి చేయండి. భార్యా పిల్లలతో వెళ్లే సంగతి ఆ తర్వాత చూద్దాం.