ఎర్త్ పిన్ను తీసేస్తే మోత ఆగింది, అలాగే వాడొచ్చా?

ప్రశ్న: అన్నా, మిర్యాలగూడ దగ్గర మా ఊరి చర్చిలో బాస్ గిటార్ వాయిస్తాను. ఆంప్ ఇంట్లో పెడితే ఏ చప్పుడూ లేదు. చర్చిలో మిక్సర్‌కు లైన్ ఇవ్వగానే పెద్ద బాక్సుల్లో గుయ్‌మని ఒకటే మోత. ఆంప్ వాల్యూమ్ సున్నాకు తిప్పినా పోదు. ఆంప్ స్టేజీ మీద, మిక్సర్ తలుపు దగ్గర ఉంటాయి. లైటింగ్ చేసే అతను ఆంప్ ప్లగ్గుకు ఎర్త్ పిన్ను తీసేస్తే మోత ఆగింది. పండుగ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. అలాగే వాడొచ్చా? కెపాసిటర్లు మార్చాలా?

జవాబు: వద్దు తమ్ముడూ. ముందు ఆ పిన్ను మళ్లీ పెట్టించు. మోత సంగతి తర్వాత చూద్దాం.

నల్లగొండలో నా దగ్గరికి రిపేరుకు వచ్చే ఆంప్‌లలో పిన్ను విరగ్గొట్టినవి కనిపిస్తే నాకు నిజంగా భయమేస్తుంది. నీ గిటార్ తీగలు బ్రిడ్జ్ నుంచి, కేబుల్ జాలీ (లోపలి వైరు చుట్టూ ఉండే సన్నని లోహపు అల్లిక) మీదుగా ఆంప్ చాసిస్‌కు, అంటే దాని లోహపు ఒంటికి, కలిసి ఉంటాయి. లోపల ఎక్కడైనా ఫేజ్ వైరు చాసిస్‌కు తగిలితే 230 వోల్టులు నీ వేళ్ల కిందికి వస్తాయి. అప్పుడే పాడుతూ మైకుకు పెదవి ఆనించావనుకో, ఆ మైకు జాలీ మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. కరెంటు నీ ఒంట్లోంచే పోతుంది. లైన్ కేబుల్ ద్వారా ఎర్త్ దొరుకుతుందిలే అని కొందరంటారు. ఆ సన్నని జాలీ అంత కరెంటు మోయడానికి చేసింది కాదు. పైగా ఎవరైనా కేబుల్ పీకితే ఆ దారీ ఉండదు.

నువ్వు రాసినదాన్ని బట్టి ఆంప్ బాగానే ఉంది. ఆంప్‌కు స్టేజీ ప్లగ్గులో ఒక ఎర్త్, మిక్సర్‌కు తలుపు దగ్గర ఇంకొక ఎర్త్. మధ్యలో లైన్ కేబుల్ జాలీ ఆ రెండింటినీ కలిపి చుట్టు పూర్తి చేస్తోంది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా ఆ చుట్టులో 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతుంది, మిక్సర్ దాన్ని కూడా శబ్దం అనుకుని తీసుకుంటుంది. మోత వాల్యూమ్ నాబ్ దాటాక కలుస్తోంది కాబట్టే నాబ్ తిప్పినా తగ్గలేదు.

మంచి త్రీ పిన్ ఎక్స్‌టెన్షన్ వేసి ఆంప్‌కూ మిక్సర్‌కూ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. చాలాసార్లు దీంతోనే తగ్గుతుంది. ఇంకా ఉంటే ఆంప్ వెనుక మిక్సర్‌కు లైన్ ఇచ్చే డీఐ అవుట్ పక్కన గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉందేమో చూడు. అది లైన్ కేబుల్ జాలీని మాత్రమే విడదీస్తుంది, ప్లగ్గు ఎర్త్ అలాగే ఉంటుంది. స్విచ్ లేకపోతే ఆంప్‌కూ మిక్సర్‌కూ మధ్య లైన్‌లో పెట్టే, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు ఒకటి కొనుక్కో. చర్చికి అది ఎన్నాళ్లైనా పనికొస్తుంది.

కెపాసిటర్ల అనుమానం తీరాలంటే కేబుళ్లన్నీ తీసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆంప్ సొంత స్పీకర్ విను. కెపాసిటర్లు పోతే అప్పుడు కూడా మోత వస్తుంది, అది ఎక్కువగా 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నీ జి తీగను ఖాళీగా మీటితే 98. మోత దానికి ఒక పిసరు పైన వినిపిస్తే మెకానిక్‌కు చూపించు. నువ్వు మాత్రం విప్పకు, ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది.

ఇంకొకటి. మన జిల్లా ఎండలకు ఎర్తింగ్ గుంతలు ఎండిపోతాయి. చర్చి గుంత ఎక్కడుందో పెద్దలను అడిగి అందులో నీళ్లు పోయించు, ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి కొలిపించు. ఆ లైటింగ్ అతను ఇంకే ప్లగ్గులకు పిన్నులు తీశాడో కూడా కనుక్కో. పండుగకు జనం వచ్చేలోపే అవన్నీ సరిచేయించండి.